కెమెరా చూడని ఎడమ పక్క

స్టార్ వార్స్ మొదటి సినిమా (1977) తొలి దృశ్యం తెలియని సైన్స్ ఫిక్షన్ అభిమాని బహుశా ఉండడు. చిన్న ఓడ ఒకటి ప్రాణభయంతో పారిపోతుంటుంది. దాని వెనకే స్టార్ డిస్ట్రాయర్ తెర పైఅంచు నుంచి దిగుతుంది. ఇక అయిపోయిందిలే అనుకున్నా అవకుండా, వస్తూ వస్తూ తెరంతా కమ్మేస్తుంది. స్టూడియో బల్ల మీద మాత్రం వ్యవహారం తారుమారు. తరిమే మహానౌక నమూనా పొడవు 91 సెంటీమీటర్లు. పారిపోయే ఓడ నమూనా అంతకు దాదాపు రెట్టింపు. కథ ప్రకారం పెద్దది 1600 మీటర్లు, చిన్నది అందులో పదో వంతు కూడా ఉండదు. ఈ రెండింటినీ చేసి అల్మరాలో పక్కపక్కన పెట్టుకోవాలనుకునే మోడలర్ ఏ లెక్కను నమ్మాలి? కథ లెక్కనా, బల్ల లెక్కనా?

విమానాలూ రైలింజన్లూ చేసేవారికి ఈ తలనొప్పి లేదు. స్పిట్‌ఫైర్ చేయాలంటే మ్యూజియంలో స్పిట్‌ఫైర్ ఉంది, కొలుచుకోవచ్చు. అనుమానం వస్తే దాని ముందు నిలబడి తీర్చుకోవచ్చు. సినిమా వాహనానికి మాత్రం అసలు ఒకటి కాదు, కనీసం మూడు. కెమెరా ముందు పెట్టిన చిన్న నమూనా ఒకటి. నటులు ఎక్కి దిగడానికి వేసిన నిలువెత్తు సెట్ రెండోది. కథలో ఎగిరే ఓడ, అంటే ఎక్కడా లేనిది, మూడోది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. ఇవి చాలవన్నట్టు పదేళ్ల వయసులో టీవీలో చూసి మనసులో దాచుకున్న ఓడ ఒకటి ఉంటుంది. అన్నిటికంటే మొండిది అదే. ఈ అభిరుచిలో యాభై ఏళ్లుగా నడుస్తున్న తగాదాలు, రంగు దగ్గర్నుంచి గాడి లోతు దాకా, తవ్వి చూస్తే ఈ ఒక్క చిక్కు దగ్గరికే వస్తాయి.

తగాదా అర్థం కావాలంటే స్టూడియోల్లో ఈ నమూనాలు ఎలా పుట్టాయో చూడాలి. స్టాన్లీ కూబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) కోసం డిస్కవరీ ఓడకు పదహారు మీటర్లకు పైగా పొడవున్న నమూనా చేయించాడు. అంత పెద్దది ఎందుకంటే, దగ్గరి నుంచి తీసినప్పుడు ముందు భాగమూ వెనక భాగమూ రెండూ స్పష్టంగా కనబడాలి. అందుకు కెమెరా కంటిని సూది బెజ్జమంత చేసి, ఒక్కో ఫ్రేమునూ చాలాసేపు తెరిచి ఉంచి తీయాలి. అలా తీస్తే నమూనా మీదున్న ప్రతి లోపమూ బయటపడుతుంది. కాబట్టి ఉపరితలం నిండా వివరాలు నింపాలి. ఆ వివరాలన్నీ చేత్తో చెక్కుతూ కూర్చుంటే సినిమా తెమలదు. బజార్లో దొరికే ప్లాస్టిక్ కిట్ల ముక్కలు అక్కరకొచ్చింది ఇక్కడే. ట్యాంకు చక్రాలు, ఓడ ఫిరంగులు, రేసు కారు ఇంజన్లు విడదీసి అతికించి, పైన ఒకే రంగు కొడితే అదేదో తెలియని మహాయంత్రంలా కనబడుతుంది. కూబ్రిక్ సినిమాకు పనిచేసిన డగ్లస్ ట్రంబుల్ 1972లో తానే దర్శకుడిగా ‘సైలెంట్ రన్నింగ్’ తీశాడు. అందులో వ్యాలీ ఫోర్జ్ అనే ఓడకు దాదాపు 8 మీటర్ల నమూనా కట్టారు. వందల కొద్దీ ట్యాంకు కిట్లు దానికి ఆహుతయ్యాయి. ఆ సినిమాకు పనిచేసిన కుర్రాళ్లలో జాన్ డైక్‌స్ట్రా ఒకడు. మూడేళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్ శివార్లలోని వాన్ నైస్‌లో ఒక గోదాములో స్టార్ వార్స్ ప్రత్యేక దృశ్యాల విభాగం మొదలైంది. దాని పగ్గాలు అతని చేతికే వచ్చాయి.

స్టార్ వార్స్‌లో హాన్ సోలో నడిపే ఓడ మిలేనియమ్ ఫాల్కన్ కథ ఆ గోదాములోదే. మొదట దానికి గీసిన రూపం వేరు, పొడుగ్గా, వెనక ఇంజన్ల గుత్తితో ఉండేది. నమూనా కూడా తయారైంది. ఈలోగా ‘స్పేస్: 1999’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ వచ్చింది. అందులోని ఈగిల్ ఓడ దీన్ని పోలి ఉందని, రూపం మార్చాల్సి వచ్చింది. ఆ పాత నమూనాను పారేయలేదు. ముందు భాగం తీసి సుత్తి తల లాంటిది తగిలించి, పైన చెప్పిన పారిపోయే ఓడగా వాడేసుకున్నారు. తరిమే ఓడ కంటే అది పెద్దదిగా ఉండడానికి కారణం ఇదే. జో జాన్‌స్టన్ హడావిడిగా గీసిన కొత్త రూపమే ఇవాళ లోకమంతా గుర్తుపట్టే గుండ్రటి ఫాల్కన్. దాని నమూనా సుమారు 1.7 మీటర్లు. 1980లో వచ్చిన రెండో సినిమాకు ఆ బరువుతో వేగలేక 81 సెంటీమీటర్ల చిన్నది ఇంకొకటి చేశారు.

ఇక్కడ కొంచెం ఆగి ఓడ అడుగు భాగం చూడాలి. 1977 సినిమాలో ఫాల్కన్ మూడు కాళ్ల మీద నిలబడుతుంది. 1980 నాటికి దానికి ఐదు కాళ్లు వచ్చాయి. నిలువెత్తు సెట్ కూడా మొదటి సినిమాకు సగమే వేశారు. మిగతాది పెయింటింగుతో సరిపెట్టారు. రెండో సినిమాకు 1979లో వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌లో పూర్తి సెట్ కట్టి, ముక్కలుగా లండన్ దగ్గరి ఎల్‌స్ట్రీ స్టూడియోకు తరలించారు. కొత్త కాళ్ల పెట్టెలు 1.7 మీటర్ల పాత నమూనాకు కూడా తర్వాత తగిలించారు. కాబట్టి ఆ నమూనా ఫొటో చేతికొచ్చినా అది ఏ ఏటిదో తేలకపోతే పనికిరాదు. లోపలి సంగతి ఇంకా విచిత్రం. చదరంగం లాంటి ఆట ఆడే ఆ హాలు, దాని పైకప్పు ఎత్తుతో సహా, బయటి డొప్పలో పట్టదు. ఎంతమంది ఎన్ని నక్షాలు గీసినా ఎక్కడో ఒక గోడ బయటికి పొడుచుకొస్తుంది. పట్టదన్నది నిజం. దాన్ని ఒప్పుకోని వాళ్లు ఓడ పొడవు పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు అధికారిక కొలత 34.75 మీటర్లు. పాత పుస్తకాల్లో అది 26.7 మీటర్లే.

కిట్ కంపెనీలు ఈ చిక్కును ఒక్కొక్కటి ఒక్కోలా దాటాయి. 1979లో ఎంపీసీ కంపెనీ ఫాల్కన్ కిట్ తెచ్చింది. లోపల బల్బుతో సహా ఇచ్చింది. అంచులు దళసరి, వివరాలు మొద్దు. అయినా ఒక తరం అమెరికన్ పిల్లలు ప్లాస్టిక్ జిగురు వాసన మొదట చూసింది దానితోనే. దాన్ని ఇప్పుడు వెక్కిరించడం తేలిక. నేను ఆ పని చేయను. 2005లో జపాన్‌కు చెందిన ఫైన్ మోల్డ్స్ 1/72 స్కేల్లో తెచ్చిన కిట్‌తో లెక్క మారింది. గాజుపెట్టెలోని స్టూడియో నమూనాను ముక్క ముక్కగా పరిశీలించి చేసిన కిట్ ఎలా ఉంటుందో జనానికి అప్పుడు తెలిసింది. 2017లో బాండాయ్ అదే 1/72లో పర్ఫెక్ట్ గ్రేడ్ పేరుతో ఇంకోటి తెచ్చింది. అది 1977 నాటి పెద్ద నమూనాను ఆధారం చేసుకున్నది. సుమారు 48 సెంటీమీటర్ల పొడవు. జిగురు లేకుండా నొక్కితే అతుక్కునే అమరిక. ఇవాళ్టికీ పెట్టెలోంచి తీసి చేసే ఫాల్కన్‌లలో దాన్ని మించింది లేదన్నది నా అభిప్రాయం. ఒక్క చిక్కు ఉంది. అది ఎంత చక్కగా ఉంటుందంటే మోడలర్‌కు చేయడానికి రంగు తప్ప పెద్దగా ఏమీ మిగలదు.

దీనికి పూర్తి వ్యతిరేక దారి డీ అగోస్టీనీ కంపెనీ వారం వారం భాగాలుగా అమ్మిన ఫాల్కన్. అది 81 సెంటీమీటర్ల 1980 స్టూడియో నమూనాకు సరిసమానమైన నకలు. అంటే కథలోని ఓడకు అది 1/43 దగ్గర్లో ఉండే చిన్న రూపం, స్టూడియో బల్ల మీది వస్తువుకు మాత్రం 1/1. ఈ రెండు లెక్కలూ ఒకే వస్తువు మీద కూర్చోవడంలోనే ఈ అభిరుచి అసలు స్వభావం ఉంది. ఇలా స్టూడియో నమూనా కొలతకే చేసే స్టూడియో స్కేల్ పక్షం వాళ్లు చేస్తున్నది ఓడ బొమ్మ కాదు, బొమ్మకు బొమ్మ. వాళ్ల ఆరాధన ఓడ నడిపే హాన్ సోలో మీద కాదు, వాన్ నైస్ గోదాములో జిగురు పట్టుకు కూర్చున్న కుర్రాళ్ల మీద. అయితే భాగాలుగా కొనే పద్ధతిలో మొత్తం ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా సంస్థ బతికుంటేనే చివరి భాగం ఇంటికి వస్తుంది. ఇదే తరహా వ్యాపారం చేసిన ఈగిల్‌మాస్ 2022లో మూతపడింది. ఎన్నో ఇళ్లలో సగం కట్టిన ఓడలు అలాగే ఉండిపోయాయి.

లెగో సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. 2017 నాటి ఫాల్కన్‌లో 7541 ముక్కలున్నాయి. కూర్చడం ఆనందం, చూడడం ఇంకా ఆనందం. స్కేల్ మోడల్ మాత్రం కాదు.

స్టూడియో స్కేల్ పక్షంలో తీవ్రవాదులు ఇంకో అడుగు ముందుకేస్తారు. స్టూడియోవారు ఏ కిట్‌లోని ఏ ముక్క ఎక్కడ అతికించారో ఫొటోల్లో పోల్చి పోల్చి కనిపెడతారు. ఉదాహరణకు హసెగావా కంపెనీ 1/72 స్కేల్లో తెచ్చిన లియోపోల్డ్ అనే జర్మన్ రైల్వే ఫిరంగి కిట్ ముక్కలు స్టార్ వార్స్ ఓడల నిండా కనబడతాయి. ఆ కిట్ కొని, అదే ముక్క తీసి, అదే కోణంలో అతికిస్తారు. మార్కెట్లో లేని పాత కిట్ కోసం ఏళ్ల తరబడి వేలాల చుట్టూ తిరిగేవాళ్లున్నారు. ఒక బొటనవేలు గోరంత ముక్క కోసం కిట్ మొత్తం కొనడం పిచ్చే. కాదనను. కానీ 1976లో ఆ గోదాములో ఎవరో గడువు తరుముకొస్తుంటే చేతికందిన ముక్కను ఆలోచించకుండా అక్కడ అంటించి ఉంటాడు. ఆ రెండు క్షణాల నిర్ణయాన్ని ఇప్పుడు ఇంకొకరు రెండు నెలలు వెతికి పునఃప్రతిష్ఠిస్తున్నారు. దీన్ని వెర్రి అన్నవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఈ వెర్రి వల్లే స్టూడియోలు తాము రాసిపెట్టుకోని చరిత్ర ఇవాళ నమోదై ఉందన్నది కూడా నిజం.

స్టూడియోలు తమ నమూనాలను ఎలా చూసుకున్నాయో తెలిస్తే ఆ నమోదు విలువ అర్థమవుతుంది. డిస్కవరీ నమూనాలు మిగల్లేదు. అదే సినిమాలో చంద్రుడి మీద దిగే గుండ్రటి ఏరీస్ ఓడ నమూనా ఎలాగో బతికి, 2015లో వేలానికి వచ్చింది. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ దాన్ని 3,44,000 డాలర్లకు కొనుక్కుంది. స్టార్ వార్స్‌లోని ఎక్స్‌వింగ్ నమూనా ఒకటి గ్రెగ్ జీన్ అనే ప్రముఖ మోడల్ మేకర్ మరణించాక ఆయన సేకరణలో అట్టపెట్టెలోంచి బయటపడింది. 2023లో 31 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. స్టార్ ట్రెక్ ఎంటర్‌ప్రైజ్‌కు మొట్టమొదట చేసిన 84 సెంటీమీటర్ల నమూనా 1970ల చివర్లో మాయమైంది. నలభై ఏళ్లు దాటాక ఆన్‌లైన్ అమ్మకంలో తేలి, 2024లో సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ కుమారుడికి చేరింది.

నా మటుకు ఈ మొత్తం వివాదానికి అసలైన పరీక్ష ఫాల్కన్ కాదు, ఎంటర్‌ప్రైజే. టీవీ సీరియల్‌కు వాడిన పెద్ద నమూనా 1964లో తయారైంది. పొడవు 3.4 మీటర్లు, బరువు 90 కిలోల దాకా. ఎక్కువ భాగం చెక్క. తర్వాత దీపాలు పెట్టాలనుకున్నారు. వైర్లు ఎక్కడి నుంచో ఒక చోట నుంచి బయటికి రావాలి కదా, ఎడమ పక్క నుంచి తీశారు. దాంతో ఎడమ పక్క కెమెరాకు పనికిరాకుండా పోయింది. సీరియల్ నడిచినంత కాలం ఓడను కుడి పక్క నుంచే తీశారు. ఎదుటి వైపు వెళ్తున్నట్టు చూపాలంటే అంకెలూ అక్షరాలూ తిరగేసి రాసి అంటించి, తీసిన ఫిల్మును అద్దంలో బింబంలా తిప్పేవారు. అంటే ఎంటర్‌ప్రైజ్ ఎడమ పక్క అని మనం తెర మీద చూసింది దాదాపు అంతా కుడి పక్కే.

ఇప్పుడు ఎంటర్‌ప్రైజ్ కిట్ తెచ్చుకుని రెండు పక్కలా సమానంగా కిటికీలు పెట్టి, దీపాలు వెలిగించి, నునుపుగా చేస్తే, మీరు చేసింది స్టూడియోలో ఎన్నడూ లేని వస్తువు. అలాగని వైర్లు వేలాడే ఎడమ పక్కను నిజాయితీగా చేస్తే, చూడవచ్చిన చుట్టాలు పూర్తికాలేదేమని అడుగుతారు. రెంటిలో ఏది చేసినా తప్పు లేదు. తెలియక చేస్తేనే చిక్కు.

ఆ పెద్ద నమూనా 1974లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌కు చేరింది. తర్వాత దానికి పలుమార్లు మరమ్మతులు జరిగాయి. 1991 నాటి మరమ్మతులో డొప్ప మీది గీతలు మరీ ముదురుగా వేశారని పెద్ద రభస అయింది. చివరికి 2014లో మొదలుపెట్టి, ఎక్స్‌రేలు తీసి, పాత ఫొటోలు పోగుచేసి, 1967 ఆగస్టు నాటి స్థితికి తీసుకొచ్చి 2016లో జాతీయ వైమానిక అంతరిక్ష మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఇంత పెద్ద సంస్థ కూడా ‘అసలు ఎంటర్‌ప్రైజ్’ అని ఊరుకోలేక, ఒక నెల ఎంచుకోవాల్సి వచ్చింది. ఓడ ముందున్న పళ్లెంలాంటి భాగం పైన తొలినాటి రంగు చెక్కుచెదరకుండా దొరకడం వాళ్ల అదృష్టం. అది తెర మీద కనబడే తెలుపూ కాదు, నీలం కలిసిన బూడిదా కాదు. కొంచెం పచ్చదనం ఉన్న లేత బూడిద. తెర మీది రంగుకు స్టూడియో దీపాలు, నీలి తెర, ఫిల్ము, ప్రసారం, మన ఇంటి టీవీ అన్నీ బాధ్యులే. మ్యూజియం రంగు కొడితే వస్తువుకు న్యాయం, తెర రంగు కొడితే జ్ఞాపకానికి న్యాయం. నేను రెండోదాని పక్షం. మ్యూజియంలో వస్తువు ఉండనే ఉంది, మళ్లీ దాన్నే చేయడం దేనికి?

ఇందులో ఒక తమాషా కూడా జరిగింది. 1966లో ఏఎంటీ అనే కిట్ కంపెనీ ఎంటర్‌ప్రైజ్ కిట్ హక్కుల కోసం సీరియల్‌కు కావలసిన గెలీలియో అనే చిన్న వాహనాన్ని కట్టించి ఇచ్చింది. కిట్ విపరీతంగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడు ఒక భాగంలో ధ్వంసమైన ఓడ చూపాల్సి వస్తే సీరియల్‌వారు అదే కిట్ కొని, కాల్చి, గీకి, కెమెరా ముందు పెట్టారు. కాన్‌స్టెలేషన్ అనే ఆ ఓడను ఇవాళ అచ్చంగా చేయాలనుకునేవారికి ఏఎంటీ పాత కిట్, లైటర్ చాలు. ఇంత చవకలో స్టూడియో స్కేల్ ఇంకెక్కడా దొరకదు.

చర్చలు ఎన్ని ఉన్నా పని మొదలుపెట్టాక తీర్పు చెప్పేది స్కేలే. 1/72లో ఒక మిల్లీమీటరంటే కథలో 7.2 సెంటీమీటర్లు. 1/350లో 35 సెంటీమీటర్లు. 1/1000లో ఏకంగా మీటరు. కిట్ కంపెనీలు ప్యానెళ్ల మధ్య గాడి తీసేటప్పుడు దీన్ని మరచిపోతుంటాయి. 82 సెంటీమీటర్లుండే 1/350 ఎంటర్‌ప్రైజ్ మీద అర మిల్లీమీటరు గాడి ఉంటే, అసలు ఓడ మీద అది జానెడు సందు. గాలి లేని చోట తిరిగే ఓడకు అంత సందుంటే సిబ్బంది గతేమిటి? కాబట్టి ఆ గాడులను లప్పంతో పూడ్చి, నీళ్లలో తడిపిన ఉప్పు కాగితంతో రుద్ది, పెన్సిల్ గీతతో సరిపెట్టేవాళ్లే నా దృష్టిలో సరైన పని చేస్తున్నారు. పెచ్చులూడిన రంగు విషయంలోనూ అంతే. 1/72 ఫాల్కన్ మీద కుంచెతో గీసిన గీత ఒక మిల్లీమీటరు మందం ఉంటే అది గీత కాదు, అరచేయంత వెడల్పున్న గాయం. స్పాంజి ముక్కను రంగులో ముంచి, కాగితం మీద దాదాపు పూర్తిగా అద్దేసి, మిగిలిన తడితో తాకిస్తే వచ్చే చుక్కలే నమ్మశక్యంగా ఉంటాయి.

మురికి పట్టించడంలో మనవాళ్లు, పైవాళ్లు అని లేదు, అందరూ అతి చేస్తారు. స్టార్ వార్స్ దర్శకుడు జార్జ్ లూకాస్ వాడి వాడి అరిగిపోయిన లోకం కావాలన్నాడు, నిజమే. అయితే 1977 ఫాల్కన్ నమూనాను దగ్గరి నుంచి తీసిన ఫొటోలు చూస్తే మురికికి ఒక క్రమం ఉంది. చమురు కారే చోటే కారింది, మంట తగిలే చోటే కాలింది, ప్యానెళ్లు కొన్ని మాత్రమే వేరే రంగుల్లో ఉన్నాయి. పలుచటి ముదురు రంగు డొప్పంతా పూసి తుడిచేస్తే వచ్చేది వయసు కాదు, మసి. దీనికి భిన్నంగా 1979 నాటి స్టార్ ట్రెక్ సినిమాలోని ఎంటర్‌ప్రైజ్‌కు ముత్యంలా మెరిసే రంగులతో ప్యానెల్ ప్యానెల్‌కూ ఛాయ మార్చి వేశారు. ఎటు నుంచి వెలుగు పడితే అటు నుంచి ఆ అల్లిక బయటపడుతుంది. ఇంట్లో అది సాధించాలంటే వందల కొద్దీ చిన్న ముసుగు కాగితాలు కోయాలి. చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

దీపాలు పెట్టాలనుకునేవారు గుర్తుంచుకోవలసింది, కిట్ ప్లాస్టిక్ వెలుతురును ఆపదు. ఎల్ఈడీ వెలిగించగానే కిటికీలే కాదు, డొప్ప మొత్తం లాంతరులా వెలుగుతుంది. లోపలి వైపు ముందు నల్లరంగు దట్టంగా కొట్టి, దాని మీద తెలుపు కొట్టాలి. నలుపు వెలుతురును బయటికి పోనివ్వదు, తెలుపు లోపల అంతటా పరుస్తుంది. అతుకుల దగ్గర ఇది రెండుసార్లు చూసుకోవాలి. అతికించాక లోపలికి కుంచె పోదు. ఎల్ఈడీలు, రెసిస్టర్లు, సన్నటి వైరు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో కావలసినన్ని దొరుకుతాయి. రంగులతోనే ఇబ్బంది. మంటలంటుకునే రకం రంగులను విమానంలో పంపడానికి ఆంక్షలున్నాయి కాబట్టి పరదేశం నుంచి తెప్పించుకోవడం కష్టం. నీళ్లలో కలిసే అక్రిలిక్ రంగులే మనకు సుఖం. మే నెల ఎండలో ఎయిర్‌బ్రష్ మూతి దగ్గరే ఇవి ఎండిపోతాయి, ఆలస్యంగా ఆరేందుకు కలిపే ద్రవం తప్పనిసరి. వానాకాలంలో, అందులోనూ కోస్తా ఊళ్లలో, లాకర్ వార్నిష్ స్ప్రే చేస్తే తెల్లగా మబ్బు కమ్మినట్టవుతుంది. ముసురు పట్టిన రోజున వార్నిష్ జోలికి పోకపోవడమే మంచిది.

గత పదేళ్లలో త్రీడీ ప్రింటింగ్ వచ్చి ఈ ఆటలో కొత్త పక్షాన్ని తెచ్చింది. కిట్ లేని ఓడ అంటూ ఇక లేదు. ఎవరో ఒకరు కంప్యూటర్లో గీసి పెట్టి ఉంటారు. రెసిన్ ప్రింటర్ ఉంటే గోరంత ముక్కలు కూడా చక్కగా వస్తాయి. గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు కనుక చేతి తొడుగులు, గాలి ఆడే గది ఉండాలి. ప్రింటింగ్ అసలు నైపుణ్యాన్ని చంపేస్తుందన్న పాతవారి గోల నాకు పట్టదు. స్టూడియోవారే ట్యాంకు చక్రాలు కొనుక్కుని అంటించినప్పుడు, ప్రింటర్‌లో తీసుకుంటే వచ్చే అపచారమేముంది? నా అభ్యంతరం వేరు. ఆ ఫైలు గీసినవారు ఏ అసలును చూసి గీశారో చెప్పరు. చాలా ఫైళ్లు సెట్ ఫొటో ఒకటి, నమూనా ఫొటో ఒకటి, ఇంకో కిట్ నుంచి కొంత కలిపేసిన సంకరం. అందంగా ఉంటాయి. వాటిలో అసలు ఏదీ ఉండదు.

నిజంగా నడిచే వాహనమైతే ఈ గొడవ ఉండదనుకుంటే పొరపాటు. ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’లోని డెలోరియన్ కార్లు సినిమాకు ఒక్కటి కాదు, మూడు తయారు చేశారు. దగ్గరి దృశ్యాలకు ఒకటి, దూకుళ్లకు ఒకటి, లోపలి దృశ్యాలకు ఒకటి. దేనికదే తేడా. మన దగ్గరి ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ (2024) కోసం బుజ్జి అనే కారును మహీంద్రా, కోయంబత్తూరుకు చెందిన జయెం ఇంజనీర్ల సాయంతో నిజంగానే కట్టారు. ఆరు టన్నుల బరువు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతిలాంటి ఒక్క చక్రం. 2024 మేలో రామోజీ ఫిల్మ్ సిటీలో జనానికి చూపి, తర్వాత పలు నగరాల్లో తిప్పారు. అది నడిచే బుజ్జి. సినిమాలో రూపం మార్చుకుని ఎగిరేది కంప్యూటర్ బుజ్జి. విడుదలకు ముందు ఓటీటీలో వచ్చిన యానిమేషన్‌లోది గీసిన బుజ్జి. అచ్చం ఫాల్కన్ లాగే మూడు అసళ్లు.

‘ఆదిత్య 369’ (1991) కాలయంత్రం దగ్గర్నుంచి తెలుగు ప్రేక్షకుడికి ఇలాంటి వాహనాల మీద మోజు ఉంది. చేత్తో చేసి చూసుకునే అలవాటే తక్కువ. బుజ్జి ఆ అలవాటుకు మంచి మొదలు కాగలదు. కొలవదగ్గ అసలు ఒకటి మన కళ్లముందే ఉంది, చక్రం వెడల్పు ఎంతో ఊహించనక్కర్లేదు. నిర్మాతలకు ఒక విన్నపం: వాహనాన్ని గోదాములోకి తోసేముందు నాలుగు పక్కలా, పైనా కిందా, టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయించండి. కొలతలతో ఒక నక్షా గీయించి బయటపెట్టండి. డిస్కవరీ పోయాక, కూబ్రిక్ అభిమానులు మిగిలిన కాసిని ఫొటోల మీద అంచనాలు వేసుకుంటూనే ఉన్నారు.

చేయబోయేవారికి చెప్పేది ఒక్కటే. ఫాల్కన్ కానీ ఎంటర్‌ప్రైజ్ కానీ బుజ్జి కానీ, ఏ అసలును చేస్తున్నారో, ఏ ఏటి రూపమో కిట్ పెట్టె మూత లోపల పెన్సిల్‌తో రాసుకోండి. నిప్పర్ ఆ తర్వాత పట్టుకోండి. మధ్యలో ఎవరో వచ్చి కాళ్లు మూడే ఉన్నాయేమిటని అడుగుతారు. మూత తిప్పి చూపించండి.